తట్టు టీకా: మిన్నెసోటా సోమాలి తల్లిదండ్రులు ఎందుకు వెనకాడుతున్నారు?

శ్రావణి_ప్లిమత్:
అందరికీ నమస్తే. మేం మినియాపాలిస్ పక్కన ప్లిమత్‌లో ఉంటాం. బాబుకి పది నెలలు. ఈ చుట్టుపక్కల తట్టు కేసులు వచ్చాయని డేకేర్ నుంచి మెయిల్ వచ్చింది. అప్పట్నుంచీ మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఇదే చర్చ. "అంతా ఆ సోమాలి వాళ్ళ వల్లే, చదువు లేదు, మతం ఒప్పుకోదు, టీకాలు వేయించరు" అని ఒకరి తర్వాత ఒకరు పెడుతున్నారు. చదువుతుంటే బాధేసింది. మా బాబుని డేకేర్‌లో చూసుకునేది సోమాలి ఆవిడే. వాడు ఆవిడ దగ్గర ఉన్నాడంటే నేను ఆఫీసులో నిశ్చింతగా పని చేసుకుంటాను.

కానీ బాబుకి ఇంకా ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రూబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా) వేయలేదు కాబట్టి టెన్షన్‌గానూ ఉంది. అసలు వాళ్ళు ఎందుకు వేయించట్లేదు? నిజంగా మతమేనా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. పది నెలల పిల్లాడికి ముందుగానే వేయించవచ్చా అన్నది కూడా చెబితే మేలు.

కిరణ్_ఈగన్:
శ్రావణి గారూ, కారణం ఏదైనా నష్టపోయేది పిల్లలే కదండీ. 2011లో మన మినియాపాలిస్ ఉన్న హెన్నెపిన్ కౌంటీలో కెన్యా నుంచి తిరిగొచ్చిన ఒక చిన్నారి ద్వారా మొదలై 21 కేసులు అయ్యాయి. 2017లో రాష్ట్రంలో 75. 2022లో 22. 2024లో 70. దాదాపు అందరూ టీకా పడని పిల్లలే, వాళ్ళలో ఎక్కువమంది సోమాలి కుటుంబాల వాళ్ళు.

నా కోపం చట్టం మీద. మిన్నెసోటాలో "ఇది మా నమ్మకానికి విరుద్ధం" అని కాగితం రాసి నోటరీ చేయిస్తే చాలు, టీకా లేకుండానే పిల్లల్ని బళ్ళో చేర్చుకుంటారు. కాలిఫోర్నియా 2015లో ఇలాంటి మినహాయింపు తీసేస్తూ చట్టం చేసింది. న్యూయార్క్ 2019లో మతం పేరుతో ఇచ్చే మినహాయింపు తీసేసింది. ఇక్కడ ఎందుకు తీయరు? నెలల పసికందులకు టీకా వేయించే వయసే రాదు. వాళ్ళని కాపాడాల్సింది చుట్టూ ఉన్న మనమే కదా.

లత_నర్సు:
కిరణ్ గారి అంకెలు నిజమే. వాటి పక్కన ఇంకో అంకె పెట్టి చూడండి. 2004లో మిన్నెసోటాలో రెండేళ్ళ సోమాలి పిల్లల్లో 92 శాతం మందికి ఎంఎంఆర్ పడింది. మిగతా పిల్లలకు వాళ్ళు ఏమాత్రం తీసిపోలేదు. 2014కి అది 42 శాతానికి పడిపోయింది. ఈమధ్య అయితే 24 శాతం దగ్గరుంది.

మతమే కారణమైతే 2004లో మతం లేదా? చదువు లేకపోవడమే కారణమైతే, శరణార్థి శిబిరాల నుంచి అప్పుడే దిగిన తల్లులు వేయించి, ఇక్కడే కాలేజీ చదివిన కూతుళ్ళు ఆపడమేంటి? నేను మినియాపాలిస్‌లో పిల్లల క్లినిక్‌లో చేస్తాను, ఇద్దర్నీ చూస్తుంటాను. అమ్మమ్మలకు తట్టు అంటే ఏంటో కళ్ళారా తెలుసు. సోమాలియాలో 1991లో యుద్ధం మొదలై, 1992 కరువులో పిల్లలు చనిపోయింది ఆకలితో మాత్రమే కాదు, తట్టుతో, విరేచనాలతో. ఆ తరం వాళ్ళు టీకా దొరకడమే అదృష్టం అనుకున్నారు.

మరి మధ్యలో ఏమైందంటే, 2008 ప్రాంతంలో ఇక్కడి తల్లులు ఒక విషయం గమనించారు. మినియాపాలిస్ ప్రత్యేక తరగతుల్లో ఆటిజం ఉన్న చిన్నపిల్లల్లో సోమాలి పిల్లలు ఎక్కువగా కనబడుతున్నారు. "మా పిల్లలకే ఎందుకు వస్తోంది?" అని ఆరోగ్యశాఖని అడిగారు. 2009లో శాఖ నివేదిక ఇచ్చింది. ఆ తరగతుల్లో వాళ్ళ వాటా ఎక్కువన్నది నిజమే అంది, ఎందుకన్నది మాత్రం తేలలేదంది. 2013లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం లెక్క వచ్చింది. సోమాలి పిల్లల్లో 32 మందిలో ఒకరికి, తెల్లపిల్లల్లో 36 మందిలో ఒకరికి ఆటిజం. అంటే పెద్ద తేడా లేదు. కాకపోతే సోమాలి పిల్లల్లో ఆటిజంతో పాటు మేధోపరమైన ఇబ్బంది కూడా బాగా ఎక్కువ. అందుకే ఆ తల్లుల కంటికి అది అంత తీవ్రంగా కనబడింది.

2008లో అడిగిన ప్రశ్నకు 2013లో జవాబు. ఈలోగా వాళ్ళ దగ్గరికి వేరేవాళ్ళు వెళ్ళారు. 1998లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో 12 మంది పిల్లల మీద వ్యాసం రాసి ఎంఎంఆర్‌కీ ఆటిజానికీ ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ గుర్తున్నాడా? 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, బ్రిటన్‌లో డాక్టర్ల జాబితా నుంచి ఆయన పేరు తీసేశారు. ఆ తర్వాత ఆయన మినియాపాలిస్ వచ్చి సోమాలి కుటుంబాలతో సమావేశాలు పెట్టాడు. 2017లో పిల్లలు ఆసుపత్రుల్లో ఉండగానే టీకా వ్యతిరేక సంఘాలు ఇక్కడ సభ పెట్టాయి. దిక్కుతోచక ఉన్న తల్లుల్ని వెతుక్కుంటూ వచ్చి భయం నాటారు. నా కోపం వాళ్ళ మీద.

బాబు_నాన్న_హైదరాబాద్:
లత గారు రాసింది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. మా అబ్బాయికి ఆటిజం. మూడేళ్ళు నిండకముందు తేలింది.

అప్పుడు ఇంట్లో ఎలా ఉంటుందో బయటివాళ్ళకి తెలియదు. బంధువుల్లో ఒకరు ఫోన్ చూపించారు కాబట్టి అంటారు, ఇంకొకరు గర్భంతో ఉన్నప్పుడు ఉద్యోగం మానలేదు కాబట్టి అంటారు, ఒకరు జాతకం తీస్తారు. మా ఆవిడ రాత్రిళ్ళు పాత వీడియోలు పెట్టుకుని చూసేది, ఎక్కడ మారాడు, ఏ నెలలో మారాడు అని. ఆ సమయంలో ఎవరైనా ఇంటికొచ్చి, పక్కన కూర్చుని, మా భాషలో "తప్పు మీది కాదమ్మా, ఆ సూదిది" అని చెప్పి ఉంటే మేం వాళ్ళ చేయి పట్టుకునేవాళ్ళం. పరాయి దేశంలో, థెరపీ కోసం నెలల తరబడి ఎదురుచూసే తల్లికి అది ఎంత ఊరటగా వినబడి ఉంటుందో నాకు తెలుసు.

ఇంకో మాట కూడా చెప్పాలి. "తట్టు వారంలో తగ్గిపోతుంది, ఆటిజం జీవితాంతం ఉంటుంది, కాబట్టి టీకా వద్దు" అన్న వాదన మన తెలుగు గ్రూపుల్లో కూడా చూశాను. నా కొడుకు నాకు బరువు కాదు. వాడిలా ఉండడం కంటే చావే నయం అన్నట్టు మాట్లాడకండి, దయచేసి. మా వాడికి టీకాలన్నీ వేయించాం, వాడి చెల్లెలికీ వేయించాం.

లత_నర్సు:
అన్నా, మీరు రాసినందుకు చాలా థాంక్స్. మీ మాటలు మా క్లినిక్‌లో ప్రతి డాక్టరూ వినాలి.

అడిగే_తెలుగువాడు:
నేను టీకాలకు వ్యతిరేకిని కాదు. మా పాపకి వేయించాం. అయినా ఒక సందేహం. చాలామంది తల్లులు "టీకా వేశాకే మాటలు ఆగాయి" అని కళ్ళతో చూసి చెబుతున్నారు కదా, వాళ్ళందరూ అబద్ధం చెబుతున్నారా? మూడూ కలిపి ఇవ్వకుండా విడివిడిగా ఇస్తే వాళ్ళ భయం పోతుందిగా? అడిగితే వెంటనే తిట్టడం మొదలుపెడతారు, అందుకే ఎక్కడా అడగలేదు.

డాక్టర్_విజయవాడ:
మంచి ప్రశ్న అండీ, అడగండి. పిల్లల డాక్టరుగా రోజూ వినే ప్రశ్నే.

తల్లులు అబద్ధం చెప్పడం లేదు. వాళ్ళు చూసింది నిజం. అమెరికాలో ఎంఎంఆర్ మొదటి డోసు 12 నుంచి 15 నెలల మధ్య. ఆటిజం లక్షణాలు ఇంట్లోవాళ్ళకి స్పష్టంగా కనబడేది 18 నుంచి 24 నెలల మధ్య. కొందరు పిల్లల్లో అప్పటిదాకా వచ్చిన మాటలు కూడా ఆ వయసులోనే పోతాయి. ముందు టీకా, తర్వాత మాట ఆగడం, ఈ రెండూ పక్కపక్కనే వస్తాయి. టీకా వేయని పిల్లల్లో కూడా అదే వయసులో మాట ఆగుతుందని ఆ తల్లికి ఎలా తెలుస్తుంది? అది తెలియాలంటే లక్షల మంది పిల్లల్ని చూడాలి. డెన్మార్క్‌లో చూశారు. 2002లో 5 లక్షలకు పైగా పిల్లల లెక్క, 2019లో 6,57,461 మంది లెక్క. టీకా వేసిన వాళ్ళలో ఆటిజం ఏమీ ఎక్కువ లేదు. అన్నకో అక్కకో ఆటిజం ఉన్న పిల్లల్ని ప్రత్యేకంగా చూసినా లేదు.

జపాన్ సంగతి చాలామందికి తెలియదు. అక్కడ వాడిన ఎంఎంఆర్‌లోని గవదబిళ్ళల భాగం వల్ల కొందరు పిల్లలకు మెనింజైటిస్ వచ్చింది. 1993లో ఆ టీకానే ఆపేశారు. ఎంఎంఆర్ ఆపాక పుట్టిన పిల్లల్లో ఆటిజం తగ్గాలి కదా, యొకొహామాలో లెక్క తీస్తే పెరుగుతూనే ఉంది. ఇక్కడ రెండు విషయాలు ఉన్నాయి. నిజమైన దుష్ఫలితం ఉంటే అది బయటపడుతుంది, ప్రభుత్వం ఆపేస్తుంది. ఆటిజానికి మాత్రం ఈ టీకాతో సంబంధం లేదు.

విడివిడి టీకాలు అమెరికాలో ఇప్పుడు దొరకవు, 2009 నుంచే తయారీ లేదు. దొరికినా మూడుసార్లు సూది, మధ్యలో నెలల ఎడం, ఆ ఎడంలో పిల్లవాడికి రక్షణ ఉండదు. దుష్ఫలితాలు అస్సలు లేవని నేను ఎవరికీ చెప్పను. వారం పది రోజులకి జ్వరం రావచ్చు, ఒంటి మీద సన్నటి దద్దు రావచ్చు. మూడు నాలుగు వేల డోసుల్లో ఒకసారి జ్వరంతో ఫిట్స్ రావచ్చు. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ తగ్గిపోతుంది. తట్టు అలా కాదు. వచ్చినవాళ్ళలో ఇరవై మంది పిల్లల్లో ఒకరికి న్యుమోనియా. వెయ్యిలో ఒకరికి మెదడువాపు. వెయ్యిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా చనిపోతారు. తగ్గిన ఏడు నుంచి పదేళ్ళ తర్వాత మెదడుని తినేసే ఎస్ఎస్పీఈ అనే జబ్బు అరుదుగా వస్తుంది, దానికి మందు లేదు. అలాంటి పిల్లని నేను చూశాను. ఇంతకన్నా రాయలేను.

అడిగే_తెలుగువాడు:
థాంక్యూ డాక్టర్ గారూ. జపాన్ విషయం నిజంగా తెలియదు.

సురేష్_స్టాక్‌హోమ్:
ఇది మిన్నెసోటాకే పరిమితం కాదని చెప్పడానికి రాస్తున్నాను. మా స్టాక్‌హోమ్‌లో రింకెబీ, టెన్‌స్టా అని రెండు పేటలున్నాయి, సోమాలి కుటుంబాలు చాలా ఉంటాయి. స్వీడన్ మొత్తం మీద ఎంఎంఆర్ 95 శాతం పైనే. అక్కడ మాత్రం 70 శాతం దగ్గర ఆగింది. ఇక్కడ టీకా ఎవరికీ తప్పనిసరి కాదు, అందరూ ఇష్టంగానే వేయిస్తారు. మొదటి డోసు ఏడాదికి కాదు, ఏడాదిన్నరకి వేస్తారు. డాక్టరు గారు చెప్పిన, మాట ఆగే వయసు సరిగ్గా అదే! భయం ఇంకా ఎంత బలపడుతుందో ఆలోచించండి.

స్వీడన్ ప్రజారోగ్య సంస్థ ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ఒకటి తీసుకుని, ముందు తల్లిదండ్రుల్నే కూర్చోబెట్టి అడిగింది. వాళ్ళు మిగతా టీకాలన్నీ వేయిస్తున్నారు. ఎంఎంఆర్ ఒక్కటే ఆపుతున్నారు. వేయిస్తే పిల్లలు మాట్లాడడం మానేస్తారని భయం. మినియాపాలిస్‌లోనూ, ఇక్కడా ఒకే మాట. బంధువులు ఖండాలు దాటి ఫోన్లలో మాట్లాడుకుంటారు కదా, ఆ మాట కూడా అలాగే తిరిగింది. ఆ తర్వాత సోమాలి మాట్లాడే తల్లులకే శిక్షణ ఇచ్చి, తోటి తల్లులతో మాట్లాడించారు. నర్సులకు ఈ భయం గురించి ఎలా వినాలో నేర్పారు. ఒక్క రోజులో శాతం మారిపోలేదు. కానీ మాట్లాడడం మొదలైంది.

సలీం_టోలిచౌకి:
అన్నా, మతం మాట వచ్చింది కాబట్టి నేను చెబుతా. హజ్‌కి పోవాలంటే మెనింజైటిస్ టీకా వేయించుకున్న కాగితం లేనిదే సౌదీ వీసా ఇవ్వదు. మా ఇంట్లో హజ్ చేసినవాళ్ళందరూ వేయించుకున్నారు. టీకా హరామ్ అయితే అది ఎట్లా కుదురుతుంది?

కాకపోతే ఒక సందేహం మాత్రం నిజంగా ఉంది, దాన్ని కొట్టిపారేయొద్దు. అమెరికాలో ఎక్కువగా వాడే ఎంఎంఆర్‌లో పందినుంచి తీసిన జెలటిన్ ఉంటుంది. తయారీలో దాని రూపం మారిపోతుంది కాబట్టి అనుమతే అని చాలామంది ఉలేమాలు (మత పండితులు) చెప్పారు. అయినా మనసు ఒప్పనివాళ్ళకు జెలటిన్ లేని ప్రయోరిక్స్ అని ఇంకోటి ఉంది, అమెరికాలో 2022లో అనుమతి వచ్చింది. అడిగితే తెప్పిస్తారు. ఈ ఒక్క ముక్క క్లినిక్‌లో ముందే చెబితే కొంతమంది అక్కడికక్కడే చెయ్యి చాపుతారు.

2017 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రాలో మీజిల్స్ రూబెల్లా టీకా తొమ్మిది నెలల నుంచి పదిహేనేళ్ళ పిల్లలందరికీ వేసినప్పుడు మా గల్లీలో కూడా వాట్సాప్‌లో పుకార్లు వచ్చినయ్. పిల్లలు పుట్టరంట, ఇంకేదో అంట. బడి నుంచి వచ్చిన కాగితాన్ని ఎవ్వరూ నమ్మలేదు. మా ఆశా కార్యకర్త ఆపా ఇంటింటికీ తిరిగింది. తన పిల్లలకు వేయించి మరీ వచ్చింది. జుమ్మా నమాజ్ తర్వాత ఇమామ్ సాబ్ కూడా చెప్పిండు. అప్పుడు వేయించినం. ఇక్కడ టోలిచౌకిలో కూడా సోమాలి వాళ్ళున్నారు, మా దుకాణానికి వస్తరు. వాళ్ళకీ మనకీ ఏం తేడా లేదు అన్నా.

మోడరేటర్:
సోమాలి వాళ్ళని కించపరుస్తూ వచ్చిన పోస్టులు తీసేశాం. ఏ జాతినీ తిట్టకుండా చర్చ కొనసాగించండి.

కిరణ్_ఈగన్:
అందరివీ చదివాను. తిట్టడం నాకూ ఇష్టం లేదు. 2025లో టెక్సస్‌లో 762 కేసులు వచ్చాయి, ఇద్దరు పిల్లలు చనిపోయారు. అక్కడ మొదలైంది మెనొనైట్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాల్లో. 2018, 2019లలో న్యూయార్క్ నగరంలో 649 కేసులు, అవి ఎక్కువగా బ్రూక్లిన్ యూదు పేటల్లో. కాబట్టి రంగు, మతం ప్రశ్న కాదని ఒప్పుకుంటాను. కానీ చట్టం విషయంలో నా అభిప్రాయం అదే. ఒప్పించడానికి పదేళ్ళు పడితే ఆ పదేళ్ళలో పుట్టే పిల్లల సంగతేంటి?

లత_నర్సు:
కిరణ్ గారూ, మీ బాధ నాకు అర్థమవుతుంది. చట్టం మార్చినా ఇక్కడి అసలు చిక్కు పూర్తిగా తీరదు. ఎందుకంటే మా దగ్గరికొచ్చే సోమాలి తల్లులు "వద్దు" అని చెప్పడం చాలా తక్కువ. "మాటలు రానివ్వండి, అప్పుడు వేయిస్తాం" అంటారు. బడిలో చేర్చే ఐదేళ్ళకి చాలామంది వేయించేస్తారు కూడా. డేకేర్‌కి పంపని పిల్లాడిని చట్టం పట్టుకునేది బడిలో చేర్చే ఐదేళ్ళకే. తట్టు ప్రాణం మీదికి తెచ్చేది ఏడాది నుంచి నాలుగేళ్ళ వాడికి. ఆ ఖాళీ పూడ్చాలంటే ఆ తల్లితో ఏడాది నిండకముందే మాట్లాడాలి.

ఎలా మాట్లాడాలన్నది కూడా చెబుతాను. కరపత్రం ఇస్తే పనిచేయదు. పదిహేను నిమిషాల అపాయింట్‌మెంట్‌లో డాక్టరు కంప్యూటరు వైపు చూస్తూ "ఎంఎంఆర్ వేద్దామా" అంటే ఆ తల్లి "తర్వాత" అంటుంది, అంతే. మాతో పనిచేసే సోమాలి ఆరోగ్య కార్యకర్తలు ముందు పిల్లాడి మాటల గురించి అడుగుతారు. ఆలస్యంగా ఉంటే అప్పుడే స్పీచ్ పరీక్షకి పంపుతారు, టీకా ఊసెత్తకుండా. "నా బిడ్డ గురించి వీళ్ళకి పట్టింది" అని ఆ తల్లికి అనిపించాకే మిగతాది వింటుంది. ఇలాంటి ఉద్యోగాలకు డబ్బు మాత్రం కేసులు వచ్చినప్పుడు వస్తుంది, తగ్గగానే పోతుంది. 2017లో కేసులు రాకముందు వారానికి రాష్ట్రంలో 2,700 ఎంఎంఆర్ డోసులు పడేవి, మే నెలకల్లా దాదాపు పదివేలకు చేరాయి. భయం తగ్గాక మళ్ళీ మామూలే. ఆ నమ్మకాన్ని కట్టే మనుషులకు ఏడాది పొడుగునా జీతం ఇవ్వాలి. చట్టసభకు ఉత్తరం రాస్తానంటే ఇది కూడా రాయండి, నేనూ సంతకం పెడతాను.

కిరణ్_ఈగన్:
రెండూ రాస్తాను లత గారూ. ముసాయిదా ఇక్కడే పెడతాను, మీరు సరిచేయండి.

శ్రావణి_ప్లిమత్:
ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. లత అక్కా, ఒక్కటి అడుగుతాను. మా డేకేర్ ఆవిడకి చిన్న మనవరాలు ఉంది. నేను ఆవిడతో ఈ మాట ఎత్తొచ్చా? తప్పుగా అనుకుంటుందేమో అని సంకోచం.

లత_నర్సు:
ఎత్తు శ్రావణీ, కానీ అంకెలతో మొదలుపెట్టకు. మీ బాబు గురించి నీకున్న భయమే చెప్పు. మనవరాలు ఎలా ఉంది, మాటలు వస్తున్నాయా అని అడుగు, ఆవిడ చెప్పేది పూర్తిగా విను. ఆవిడ వయసుని బట్టి చూస్తే తట్టు గురించి నీకంటే ఆవిడకే ఎక్కువ తెలిసి ఉంటుంది. కూతురికి చెప్పే ధైర్యం చాలకపోవచ్చు, అంతే. మా క్లినిక్‌లో అమ్మమ్మల మాటతో ఒప్పుకున్న తల్లుల్ని చూశాను.

డాక్టర్_విజయవాడ:
శ్రావణి గారూ, బాబు గురించి అడిగారు కదా. అక్కడ మామూలుగా 12 నెలలు నిండాకే వేస్తారు. కానీ కేసులున్నప్పుడు మీ ప్రాంత ఆరోగ్యశాఖ చెబితే, లేదా పిల్లాడితో విదేశీ ప్రయాణం ఉంటే, 6 నుంచి 11 నెలల మధ్య ముందుగా ఒక డోసు ఇస్తారు. అది అక్కడి లెక్కలోకి రాదు. పుట్టినరోజు దాటాక మళ్ళీ రెండు డోసులు కావాలి, రెంటి మధ్య కనీసం 28 రోజులు. తట్టు ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళాడని తెలిస్తే ఆగకండి, 72 గంటల్లోపు టీకా, లేదా ఆరు రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) పనిచేస్తాయి. కానీ ముందు ఫోన్ చేసి వెళ్ళండి, నేరుగా వెయిటింగ్ రూంలో కూర్చోవద్దు. రోగి వెళ్ళిపోయాక కూడా రెండు గంటల దాకా ఆ గాలిలో వైరస్ ఉంటుంది.

ఇండియాలో పుట్టి అక్కడికి వచ్చిన పిల్లల తల్లిదండ్రులకు కూడా ఒక మాట. మన దగ్గర ఎంఆర్ మొదటి డోసు 9 నెలలు నిండాక వేస్తాం. ఏడాదిలోపు పడిన ఆ డోసుని అమెరికాలో లెక్కించరు. మన ఎంఆర్‌లో గవదబిళ్ళల భాగం కూడా ఉండదు. కార్డు పట్టుకెళ్ళి చూపించండి. ఇంకా, మీ వయసు వాళ్ళు చిన్నప్పుడు ఇండియాలో ఒక్క డోసే వేయించుకుని ఉంటారు, ప్రభుత్వ కార్యక్రమంలో రెండో డోసు 2010 నుంచే మొదలైంది. మీ ఇద్దరూ కూడా ఈ వారంలోనే మీ డాక్టరుని అడిగి, కావాలంటే వేయించుకోండి. మళ్ళీ గర్భంతో ఉంటే మాత్రం ఈ టీకా వద్దు, ఆ సంగతి వాళ్ళకి ముందే చెప్పండి.